రావికమతం నుంచి చోడవరం: నేను మా ఇంట్లోనే ఉంటున్నానని చెప్పుకోవడానికి

ఇక్కడ నేను మామూలుగా రాసేవి జలపాతాల గురించి, కొండదారుల గురించి, ఏ ఊళ్ళో ఏ టిఫిన్ బాగుంటుందన్న దాని గురించి. ఈసారి దారి చిన్నదే. మా ఊరి నుంచి రావికమతం, అక్కడి నుంచి చోడవరం. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. కానీ నా అరవై రెండేళ్ళలో ఇంత భయపడుతూ చేసిన ప్రయాణం ఇంకొకటి లేదు. మీలో ఎవరికైనా ఇలాంటి కాగితమే వస్తే, నాలాగా ఐదు రోజులు నిద్ర మానుకోకుండా ఉంటారని రాస్తున్నాను.

ఒక గురువారం సాయంత్రం గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తున్నాను. మా బూత్ లెవెల్ అధికారి, అంటే మా అంగన్‌వాడీ టీచరే, ఒక నోటీసు తెచ్చి ఇచ్చింది. నేను ఈ ఇంట్లో ఉండటం లేదట, అందుకని ఓటర్ల జాబితాలోంచి నా పేరు తీసెయ్యాలని సన్యాసినాయుడు అనే ఆయన అభ్యంతరం పెట్టారట. మంగళవారం పదకొండు గంటలకి చోడవరంలో ఎన్నికల అధికారి ఆఫీసులో విచారణకి రావాలి, రాకపోతే ఉన్న కాగితాల మీదే నిర్ణయం తీసుకుంటారు. ఏ ఇంట్లో లేనని రాశారో ఆ ఇంటి గుమ్మంలోనే కూర్చుని అదంతా చదివాను. "ఎవరమ్మా ఈ సన్యాసినాయుడు?" అని అడిగితే, "నాకేటీ తెల్దు సిస్టరమ్మా, ఇమ్మన్నారు, ఇచ్చేను" అని ఆ పిల్ల నా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయింది.

సిస్టరమ్మ అంటే నేనే. విశాఖలో ముప్ఫై ఏళ్ళకి పైగా నర్సుగా చేసి, రిటైరై, పోయిన ఏడాది మా అన్నయ్య వదిలిపోయిన రెండు గదుల ఇంటికి వచ్చేశాను. ఒంటరి మనిషిని. ఆదివారం చర్చికి వెళ్తాను, మిగతా రోజులు ఎవరికైనా బీపీ చూస్తాను. ఓటు ఇక్కడికి మార్పించుకున్నాను గానీ ఆధార్ మీద ఇంకా విశాఖ చిరునామాయే ఉంది. కరెంటు బిల్లు చచ్చిపోయిన అన్నయ్య పేరు మీద వస్తుంది. అంటే నేను ఇక్కడ ఉంటున్నానని చెప్పడానికి నేను తప్ప వేరే ఆధారం లేదు. ఆ సన్యాసినాయుడు ఎవరో తెలియకపోయినా, తెల్లచొక్కా, జీపు, వెనకాల నలుగురు మనుషులు అన్నట్టుగా ఊహించేసుకున్నాను. ఈ ఊళ్ళో నేను ఉండకూడదని ఎవరో అనుకుంటున్నారన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతూ ఉండేది. తలుపు గడియ మూడేసిసార్లు చూసుకునేదాన్ని. బీపీ చూపించుకోవడానికి వచ్చిన వాళ్ళని కూడా అనుమానంగా చూశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"ఒక్క ఓటేగా, పోతే పోయింది" అని ఫోన్లో నా స్నేహితురాలు ఒకామె అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. మా అమ్మ చెరుకు చేలల్లో కూలికి వెళ్ళిన మనిషి. నూతి దగ్గర, కొట్టు దగ్గర, ఎక్కడైనా "కాస్త అటు జరుగు" అనే మాటే విన్నది. ఓట్ల రోజున మాత్రం తలంటుకుని, పెట్టెలో చీర తీసి కట్టుకుని వెళ్ళేది. ఆ లైనులో తన ముందు కామందు ఉంటే ఉంటాడు, వెనక కామందు పెళ్ళాం ఉంటే ఉంటుంది. "ఆ లైన్లో నన్నెవరూ జరగమన్లేదే" అని ఇంటికొచ్చి చెప్పేది, ప్రతిసారీ అదే మాట. ఆ లైనులోంచి నన్ను జరగమంటున్నారు ఇప్పుడు.

మంగళవారం ఏడుంబావుకి బయల్దేరాను. మా ఊరి మలుపు దగ్గర షేర్ ఆటో ఎక్కితే రావికమతానికి ఇరవై రూపాయలు, పావుగంట. చోడవరం బస్సు ఎనిమిదింటికి ఉంది గానీ దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. ఇంకో ఆటో ఎక్కాను, యాభై రూపాయలు. రోడ్డు గుంతలమయం కాబట్టి గంటన్నర పైనే పడుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు సీటు అడగండి. డ్రైవరు అప్పలరాజుకి నేను తెలుసు, వాళ్ళమ్మకి కట్టు కట్టాను ఒకసారి.

"ఏటి సిస్టరమ్మా, పొద్దున్నే చోడవరం? సంతకా?"

"ఆఫీసు పని ఉంది బాబూ."

"ఆఫీసంటే మరి సాయంత్రం దాకా తేల్దు. టిఫిన్ సేసేయండి ముందు" అన్నాడు.

నా పక్కన ఒక ముసలాయన ఇరుక్కుని కూర్చున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. చెరుకు ఆకు కోసిన గీతలు ముంజేతుల నిండా ఉన్నాయి. ఒక ప్లాస్టిక్ కవరుని చంకలో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా దాన్నే గట్టిగా పట్టుకుంటున్నాడు. కొంత దూరం వెళ్ళాక నా కళ్ళజోడు చూసి మెల్లిగా అడిగాడు.

"అమ్మా, సదువొచ్చా నీకు? ఈ కాయితంలో ఏటుందో సూడవా. పోలీసులేటన్నా రమ్మన్నారా?"

కాగితం విప్పాను. మీరు పెట్టిన అభ్యంతరాల మీద విచారణ ఉంది, మంగళవారం హాజరు కావాలి అని ఉంది. పైన పేరు సన్యాసినాయుడు. కింద ఇరవై మూడు పేర్లు, పదకొండోది నాది.

ఐదు రోజులు కలలోకి వచ్చిన మనిషి నా మోచేతికి మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. అరిగిపోయిన చెప్పులు, ఒక చెప్పుకి తీగతో కట్టు. కోపం రావాలి, రాలేదు. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇంకా ఎక్కువైంది. ఈయన కాకపోతే మరి ఎవరు?

"ఇరవై మూడు మంది ఓట్లు తీసెయ్యమని మీరు రాశారట కదా" అన్నాను. నా పేరు చెప్పలేదు.

"నేనా? నేను సంతకమే పెట్టలేను తల్లీ." గొంతు తగ్గించాడు. "ఒకడొచ్చేడు. పింఛను ఆగిపోద్ది తాతా, ఫోనుకి నంబరొస్తాది, సెప్పీ అన్నాడు. సెప్పేను. శానాసార్లు సెప్పేను. ఆడు ఫోను నొక్కుకున్నాడు, ఎల్లిపోయేడు."

ఓటీపీ అన్నమాట, వాడు ఈయన పేరు మీద అభ్యంతరాలు వేసేశాడు. "ఎవరతను?" అన్నాను.

ఆయన ఆటోలో ఉన్న ప్రతి మొహాన్నీ ఒకసారి చూశాడు. కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ కవర్లో పెట్టేసుకున్నాడు.

వడ్డాదిలో అప్పలరాజు టీకి ఆపాడు, పది నిమిషాలన్నాడు. టీ పది రూపాయలు, అల్లం బాగా దంచి వేస్తారు. గ్లాసు చేతిలోకి తీసుకుని చూస్తే ముసలాయన లేడు. రోడ్డు దాటి అవతలి వైపు ఆటోల దగ్గరికి గబగబా వెళ్తున్నాడు, కవరు చంకలోనే ఉంది. వెళ్తే వెళ్ళనీ, నా పని నేను చూసుకుంటాను అని ఒక నిమిషం అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ ఆయన రాకపోతే ఆ అభ్యంతరం నిజమే అయిపోతుంది. నా చేతిలో ఉన్నది విశాఖ చిరునామా ఆధార్. గ్లాసు బల్ల మీద పెట్టేసి పరుగు లాంటి నడకతో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"నాయుడుగారూ, ఆ లిస్టులో పదకొండో పేరు నాది."

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయాడు, ఒక చెయ్యి నా చేతిలో ఉండిపోయింది. "నన్ను జైల్లో ఏయించకు తల్లీ. కూతురింటికి పోతన్నాను. నాకేటీ తెల్దు."

పాత అలవాటు కొద్దీ నా వేలు ఆయన నాడి మీదికి వెళ్ళింది. పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. నాదీ అంతే ఉండుంటుంది.

"నాకూ భయంగానే ఉంది. ఐదు రోజులై అన్నం సహించట్లేదు" అన్నాను. "మీరు రాకపోతే మీరే రాశారంటారు. వచ్చి, రాయలేదని ఒక్క మాట చెప్పండి చాలు."

"సెప్తే మరి ఆడూరుకుంతాడా? ముందు నుయ్యి, ఎనక గొయ్యి అయిపోయింది నా బతుకు."

ఊరుకుంటాడని చెబితే అబద్ధమవుతుంది. "వాళ్ళు ఏ కాగితం ఇచ్చినా ముందు నేను చదివి వినిపిస్తాను. విన్నాకే వేలు వెయ్యండి" అన్నాను. అప్పలరాజు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. చివరికి నాయుడుగారే ముందు కదిలాడు.

చోడవరంలో దిగేసరికి తొమ్మిదీ నలభై. ఆటోలు ఆగేచోట ఒకామె బండి మీద నాలుగు ఇడ్లీలు ముప్ఫై రూపాయలకి ఇస్తుంది, అల్లప్పచ్చడి ఘాటుగా ఉంటుంది. నాయుడుగారు ఒక్క ఇడ్లీ చిదిపి చిదిపి వదిలేశాడు. "ఏం బాబూ, బాగోలేదా?" అని ఆమె అడిగితే, "బాగుందమ్మా, గొంతులోకి దిగట్లేదు" అన్నాడు. అక్కడి నుంచి ఆఫీసుకి నడిచి వెళ్ళిపోవచ్చు. ఆటోవాడు ముప్ఫై అడుగుతాడు, ఎక్కకండి.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. పదిన్నరకి గులాబీరంగు చొక్కా వేసుకున్న ఒకతను మెట్ల దగ్గర మోటార్‌సైకిల్ ఆపాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, చేతిలో రెండు ఫోన్లు. నాయుడుగారు కవరుని చంకలోకి ఇంకా లాక్కున్నాడు. "ఆడే" అన్నాడు పెదాలు కదపకుండా.

అతను నవ్వుతూనే వచ్చాడు. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదేమో. "ఏటి తాతా, నువ్వెందుకొచ్చేవు ఇంత ఎండలో? ఎల్లిపో ఇంటికి, నేను సూసుకుంతాను కదా." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "మీరెవరమ్మా? ఏ ఊరు?"

ఊరికే తోడొచ్చానని చెబుదామనుకున్నాను, మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ నేను వచ్చిందే ఎక్కడ ఉంటున్నానో చెప్పడానికి కదా. మా ఊరి పేరు చెప్పాను, నా పేరు చెప్పాను. "డోర్ నంబరు రెండు బై పదిహేడు. అక్కడే ఉంటున్నాను" అన్నాను. అతను తల ఊపి, ఒక ఫోనులో ఏదో నొక్కుకుని, చెట్టు నీడకి వెళ్ళి నిలబడ్డాడు.

పదకొండున్నరకి పిలిచారు. అధికారి మర్యాదగానే అడిగారు. "ఈమె అక్కడ ఉండట్లేదని మీరు అభ్యంతరం పెట్టారా?" నాయుడుగారు కిటికీలోంచి చెట్టు వైపు ఒకసారి చూశాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"నేను ఏయలేదు బాబూ. ఈ అమ్మెవరో నాకు ఈ పొద్దే తెలిసింది. అందులో ఉన్నోళ్ళెవర్నీ నేను తియ్యమన్లేదు. ఫోనుకొచ్చిన నంబరు సెప్పేను, అదే నా తప్పు."

గుమాస్తా అదంతా రాసి, సిరా డబ్బా ముందుకి జరిపి, "ఇక్కడ వేలు వెయ్యి తాతా" అన్నాడు. నాయుడుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆగు బాబూ. అమ్మా, సదువు."

చదివాను. "మల్లీ సదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. గుమాస్తా విసుక్కుంటే అధికారి చేత్తో ఆపారు. మూడోసారి చదువుతుంటే నాయుడుగారు కళ్ళు మూసుకుని, ఒక్కో మాటకీ తల ఊపుతూ విన్నాడు. అప్పుడు బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద నిదానంగా అదిమాడు. అభ్యంతరాలన్నీ పక్కన పెడుతున్నామని, పేర్లు ఉంటాయని, ఆ ఫోను సంగతి విడిగా విచారిస్తామని అధికారి చెప్పారు. నాకు ఒక రసీదు ఇచ్చారు. బయటికి వచ్చేసరికి చెట్టు కింద ఎవరూ లేరు. దాంతో ధైర్యం రాలేదు సరికదా, తిరుగుదారిలో వెనక మోటార్‌సైకిల్ చప్పుడైనప్పుడల్లా మేమిద్దరం ఒకేసారి తల తిప్పాం. నాయుడుగారు వడ్డాదిలో దిగలేదు. "ఇంటికే పోతాను" అన్నాడు.

ఓటు హక్కు కాపాడుకోవాలంటే గుండె ధైర్యం ఉండాలని అనుకునేదాన్ని. ఆ రోజు మా ఇద్దరి దగ్గరా అది లేదు. వణుకుతూనే వెళ్ళాం, వణుకుతూనే వచ్చాం. పోలింగ్ రోజున లైనులో నిలబడటం ఒక్కటే ఓటు కాదు. మన పేరు ఆ లైను దాకా రాకుండా కాగితం మీదే ఎవరో చెరిపేస్తే, మనం లేచి వెళ్ళి ఉన్నానని చెప్పడం కూడా ఓటే. నా పేరు తియ్యడానికి వాడింది ఇంకో బీదవాడి పేరుని. ఆ సంగతే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది.

మీకొక్కటే సలహా: జాబితాలో మీ పేరు ఉందో లేదో ఎన్నికలప్పుడు కాదు, ఈ రోజే చూసుకోండి, నోటీసు వస్తే స్వయంగా వెళ్ళండి. మా తలుపు గడియ నేను ఇప్పటికీ మూడుసార్లు చూసుకుంటున్నాను. ఆ గులాబీ చొక్కా అతనికి మా డోర్ నంబరు తెలుసు, నేనే చెప్పాను. ఓటర్ల జాబితాలో నా పేరు పక్కన కూడా అదే నంబరు ఉంది.