ఏలియా అన్నకు దొరకని చరణం

ఏలియా అన్నకు ఏదీ ఒక్కసారి వింటే సరిపోదు. చెవుల్లో లోపం లేదు, లోటంతా నమ్మకంలోనే. హనుమకొండలో మా చర్చి హార్మోనియం ఆయనదే. టేపురికార్డరులో పాట వింటూ స్వరాలు పట్టడం ఆయన తపస్సు. మీటలు నొక్కే శిష్యుణ్ణి నేను.

"ఎన్కకు తిప్పు తమ్మీ."

తిప్పేవాణ్ణి.

"ఇంక జర ఎన్కకు."

ఈ వ్యాధి టేపుతో ఆగలేదు. బస్సులో కండక్టరు తిడితే, "ఆ నడిమి ముక్క మల్లొక్కపారి అను" అన్నాడు. కండక్టరు అన్నాడు, కొత్తవి కూడా చేర్చి. ఒక చావింట్లో, "అక్కా, ఆఖర్ల గొంతు కిందికి దిగింది గద, మల్లొక్కపారి" అని అడిగేసరికి ఏడుస్తున్నావిడ నివ్వెరపోయి ఏడుపే మానేసింది.

ఎనభై మూడో సంవత్సరం వానల్లో ఇమ్మానుయేలు పోయాడు. మా చర్చి పాటగాడు, ఏలియా అన్నకు వరసకు బావ. తాను కట్టుకున్న పాట ఒకటి క్యాసెట్టులో మిగిల్చాడు. భార్య రత్నమ్మ ఒంటరిగా ఆ గొంతే వింటూ అన్నం ముట్టడం లేదని, కూతురు విమల టేపురికార్డరును పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత రత్నమ్మ మాటలు కూడా మానేసింది. ఆ ఇంట్లో వాన చప్పుడొక్కటే మిగిలింది.

ఏలియా అన్న వెళ్లాడు. "జ్ఞాపకార్థ కూడికల బావ పాట వాయించాలె. పెట్టె తియ్యి బిడ్డా."

"ఒక్కరోజే మామా."

"ఒక్కరోజే."

ఆ ఒక్కరోజు వారాలైనా ముగియలేదు. రోజూ తడుస్తూ పోవడం, నేను తిప్పడం, ఆయన తల గోక్కోవడం. "రెండో చరణం దొరుకుతలేదు." రత్నమ్మ గోడకు ఆనుకుని వినేది. నా బొటనవేలు కాయ కాచింది.

ఒక ఆదివారం ఆరాధనకు ముందే వెళితే, ఖాళీ చర్చిలో ఏలియా అన్న ఆ పాట మొత్తం వాయిస్తున్నాడు. ఇమ్మానుయేలు దగ్గడానికి ఆగిన చోట కూడా ఆగాడు.

"ఇదెప్పుడు దొర్కింది అన్నా?"

"మొదటిదినమే."

"మరి నా వేలు?"

"నాకు రాలేదంటెనే గద విమల పెట్టె తీస్తది. అక్క వింటది."

ఆ మాట మళ్లీ చెప్పమని నేను అడగలేదు.

ఆ సాయంత్రం రత్నమ్మ ముందు అన్నం పళ్లెం ఉంది. పాట సాగినంతసేపు తింది. పాట ఆగగానే చెయ్యీ ఆగింది. ఏలియా అన్న తల గోక్కుని, కష్టపడి అపస్వరంలో కూనిరాగం తీశాడు.

విమల తల్లి పళ్లెంలో కూర వేస్తూ, తలెత్తకుండానే అంది:

"మొదటి చరణం గూడ తప్పు పోతాంది మామా. మొదటికెల్లి విను."

నేను మీట నొక్కాను.