గీత లేని దీవి

బళ్లో నేను గీసిన ఇండియా పటం చూసి అయివారు "ఇదేందిరా, మాడిన దోసెనా?" అన్నాడు. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టి ఉలి పట్టిన నాకు, ఆళ్లగడ్డలో ఐర్లాండు పటం చెక్కే పని దొరికింది. ఐర్లాండులో ఎనకటికి ఆలుగడ్డల పంట కుళ్లిపోయిన కరువులో చచ్చినవాళ్ల గుర్తుగా పెట్టే నల్లరాయి అది.

రాయి చెక్కమన్న ఐర్లాండు వాళ్లిద్దరూ వీడియో కాల్‌లోనే కొట్లాటకు దిగినారు. బ్రిటన్ కింద ఉండే ఉత్తరానికీ, విడి దేశమైన దక్షిణానికీ నడుమ సరిహద్దు గీత ఉండాలని ఒకాయన, దీవి ఒకటి కావాల, గీత వద్దే వద్దని ఇంకొకాయన. చేతికొచ్చిన పని పోయేటట్టుంది. నంద్యాలలో డిగ్రీ చదివే మా మేనకోడలు వాళ్ల మాటలు తెలుగులో చెప్తాంది.

"కరువు నాడు ఆ గీత ఉండెనా, అడుగమ్మా" అన్నా.

లేదంట. చానా ఏండ్ల తర్వాత వచ్చిందంట.

"అయితే ఒకటయ్యేదీ మానేదీ మీరే తేల్చుకోండప్పా. ఆకలికి చచ్చినోళ్లు చూడని గీత నేను చెక్కను."

ఇద్దరూ సరేనన్నారు. ఆ రాయి సముద్రం దాటి ఆడ నిలబడింది. నేను వారం రోజులు బజార్లో కాలరెగరేసుకొని తిరిగినా.

ఇంట్లోనూ అదే గొప్ప చెప్తాంటే నా పెండ్లాం అనింది: "వాళ్లకు గీత వద్దన్నావు, బాగుంది. మరి మీ అన్నకూ మనకూ నడుమ పెరట్లో గోడ లేపిందెవరబ్బా?"