నేను వదులు చేసిన స్క్రూ

ఈ బరువు మోయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయనకి చెప్పలేదు. మా అక్కకి చెప్పలేదు. వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ ఏడు శనివారాలు తిరిగాను, ఏడు వారాలూ ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ చెప్పుకున్నాను. మీకు చెబుతున్నాను. మీరు నాకు ఏమీ కారు కాబట్టి చెబుతున్నాను. జాలిపడతారనో, పోనీలే అంటారనో కాదు. ఎవరైనా పోనీలే అంటే నాకు ఒళ్లు మండుతుంది.

చేసింది చిన్న పనే. మా పికప్ బండిలో ఒక స్క్రూ వదులు చేశాను. మూడుసార్లు. దానివల్ల ఒక మంచి పనివాడు నలుగురిలో తలెత్తుకోలేక దుకాణం మూసుకుని దేశం వదిలి వెళ్లాడు.

ముందు నా పక్షం చెబుతాను. అది చెప్పకుండా నేరం ఒక్కటే చెప్పమంటే చెప్పను.

పెళ్లయిన రెండో ఏడే మా ఆయన కువైట్ వెళ్లారు. ఏడేళ్లు అక్కడే. ఆ రోజుల్లో మా వైపు ఉత్తరాల బదులు క్యాసెట్లు తిరిగేవి. అక్కడ మాటలు రికార్డు చేసి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. రెండు వైపులా ఆయన గొంతే. ఏం వండుకున్నారో, ఎండ ఎలా ఉందో, నేను ఎంత గుర్తొస్తున్నానో. దాని మీదే నా మాటలు రికార్డు చేసి తిప్పి పంపొచ్చు, చాలామంది అలాగే చేసేవారు. ఆయన గొంతు చెరపడానికి నాకు చేతులు వచ్చేవి కావు. కొత్తది కొని పంపేదాన్ని. విన్నదే విని విని టేపురికార్డరు పాడయ్యేది. లోపల బెల్టు సాగితే ముప్పై ఏళ్ల ఆయన గొంతు ముసలాయన గొంతులా బరువుగా వచ్చేది.

రాజోలు సెంటర్లో ఒక మేస్త్రి గారి దుకాణం ఉండేది. రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవారు. పేరు రాయను. మొదట్లో సెట్టు ఆయన దగ్గరికే పట్టుకెళ్లేదాన్ని. ప్రతిసారీ బస్సులో ఒళ్లో పెట్టుకుని మోయలేక, ఇంట్లోనే చేసుకోవడం ఎలాగని అడిగాను. ఆడవాళ్లకెందుకు అనలేదాయన. బెల్టు మార్చడం, హెడ్డు దూదితో తుడవడం, ఊడిన వైరు అతకడం ఓపిగ్గా చూపించారు. స్క్రూలు తిప్పే టెస్టరు ఏ వేళ్ల మధ్య పట్టుకోవాలో కూడా చూపించారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

మా ఆయన తిరిగొచ్చేశారు. వచ్చి పికప్ కొన్నారు. మా తోట కొబ్బరికాయలూ, చుట్టుపక్కల తోటల కాయలూ అంబాజీపేట మార్కెట్టుకి వేసుకెళ్లేవారు. ఏడేళ్లూ కాయలమ్మింది నేనే కాబట్టి, అక్కడి షావుకార్లందరూ నాకే తెలుసు కాబట్టి, పక్క సీట్లో నేనూ ఎక్కేదాన్ని.

ఇక్కడే అసలు సంగతి. క్యాసెట్లో గంటన్నర మాట్లాడిన మనిషి ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడేవారు కాదు. అన్నం పెట్టు. చొక్కా ఏది. అంతే. నాకు వచ్చింది మా ఆయనేనా అని అనుమానం వచ్చేది. కానీ బండి ఎక్కితే వేరు. నా మొహం చూడనక్కర్లేదు, కళ్లు రోడ్డు మీద ఉంటాయి. తాటిపాక దాటేసరికి నెమ్మదిగా నోరు విప్పేవారు. ఒకరోజు, తన గదిలోనే ఉండే కుర్రాడు పని చేస్తూ ఎత్తు మీంచి పడి చనిపోయాడని, వాడి పెట్టె సర్దింది తనేనని మొదలుపెట్టారు. గన్నవరం అక్విడెక్టు వంతెన దగ్గర ఆపేశారు. "మిగతాది తరవాత చెప్తాలే" అన్నారు. ఆ మిగతాది వింటే నా మనిషి నాకు దొరుకుతాడని నాకు గట్టిగా అనిపించింది.

వినలేదు. ఆ వారమే బండికి కొత్త సెట్టు వచ్చింది.

కంపెనీ వాళ్లు బండితో ఇచ్చిన సెట్టు చిన్నది. తలుపుల్లో రెండు స్పీకర్లు. దోమ పాడుతున్నట్టుంది అనేవారు మా ఆయన. తోటి బండ్లవాళ్లు పెద్ద సెట్లు పెట్టించుకుంటుంటే ఈయనకి చిన్నతనమైంది. బండి తీసుకెళ్లి మేస్త్రి గారికి అప్పజెప్పారు. ఆయన రెండు రోజులు కూర్చుని చేశారు. తలుపుల అట్టలు విప్పి, ప్లైవుడ్ రింగులు కోసి పెద్ద స్పీకర్లు బిగించారు. సీటు వెనక బేసు డబ్బా. డాష్‌బోర్డులో సీడీ డెక్కు. ఆంప్లిఫయరు నా సీటు కింద. దాని ఎర్త్ వైరుని పక్కనున్న రేకుకి, పెయింటు మెరిసేదాకా గీకి, స్క్రూతో బిగించారు. ఎంత శుభ్రమైన పనో నాకు తెలుసు. అలాంటి పని ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు.

ఇక మాటల్లేవు. ఇంటి ముందు బండెక్కితే మార్కెట్టు దాకా పాటలే. నా సీటు కింద ధన్ ధన్ మని మోత. నేనేదో అడిగితే "ఆఁ?" అనేవారు. రెండోసారి అడిగితే తల ఊపేవారు. ఏడేళ్లు ఆయన గొంతు విన్నాను, మనిషి లేడు. ఇప్పుడు మనిషి ఉన్నాడు, గొంతు లేదు. నేనేం చెయ్యాలి? మీరు చెప్పండి. ఏడవాలా? ఏడ్చినా వినపడదు ఆ మోతలో.

ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకున్నప్పుడు టెస్టరు పట్టుకెళ్లి ఆ ఎర్త్ స్క్రూ ఒకటిన్నర చుట్లు వదులు చేశాను. మర్నాడు మొదటి గోతిలోనే సెట్టు గరగరమని ఆగిపోయింది. మేస్త్రి గారు బిగించారు. మళ్లీ వదులు చేశాను. ఈసారి ఆయన వాషరు వేసి బిగించారు. మూడోసారి ఇంకో చుట్టు ఎక్కువ తిప్పాను.

వైరు ఎందుకు కోయలేదని మీరు అడగొచ్చు. నన్ను నేను కొన్ని వందలసార్లు అడిగాను. వైరు కోస్తే ఎవరో కోశారని తెలుస్తుంది. స్క్రూ వదులైతే బిగించినవాడిదే తప్పు అనుకుంటారు. ఇది నాకు అప్పుడే తెలుసు. తోచక చేసిన పని కాదు, ఆలోచించే ఎంచుకున్నాను. సెట్టు ఆగాలి, నింద నా మీదకి రాకూడదు. మరి అది ఎవరి మీదకి పోతుందో ఆలోచించలేదా? ఆలోచించాను. ఆలోచించి, పోనీ అనుకున్నాను.

మూడోసారి ఎర్త్ పూర్తిగా ఊడిపోయి, కరెంటు డెక్కు మీదకి మళ్లి అది కాలింది. బండి నిండా పొగ. మా ఆయన బండి తిప్పి తిన్నగా సెంటర్‌కి పోనిచ్చారు. సంత రోజు. దుకాణం ముందు కేకలేస్తుంటే జనం మూగారు.

"నేను బిగించిన స్క్రూ దానంతట అది ఊడదండి బాబూ," అన్నారు మేస్త్రి గారు. "ఎవరో విప్పేరండి."

"మా బండి ఎక్కేది నేనూ, మా ఆవిడా. మా ఆవిడ విప్పిందంటావా?"

జనం నవ్వారు. మేస్త్రి గారు నా వైపు చూశారు.

"మీరు చెప్పండమ్మా. మీకేమైనా తెలుసాండీ?"

"నాకేం తెలుసండీ వైర్ల సంగతి," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్నే చూశారు. నాకు బెల్టులు ఇచ్చింది ఆయనే, టెస్టరు పట్టడం నేర్పింది ఆయనే. ఆ ఒక్క మాట అంటే చాలు, బయటపడిపోయేవారు. అనలేదు. "ఆయ్, నాదే పొరపాటయ్యుంటుందండీ," అని తల దించుకున్నారు.

మా ఆయన విసుగెత్తి, అటకెక్కించిన కంపెనీ సెట్టునే మళ్లీ పెట్టించుకున్నారు. మూడు వారాలకి, అదే అక్విడెక్టు దగ్గర, ఆ కుర్రాడి మిగతా కథ చెప్పారు. బండి పక్కకి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చారు. ఆ రోజు నుంచీ మాది కాపురం అయింది. అందుకే ఆ స్క్రూ విప్పినందుకు నేను చింతించను. ఇంకోసారి అవసరమైతే ఇంకోసారి విప్పుతాను.

మేస్త్రి గారికి మాత్రం బండి కాల్చిన మేస్త్రి అని పేరొచ్చింది. బండ్లు రావడం మానేశాయి, తరవాత టేపురికార్డర్లూ మానేశాయి. ఏడాది తిరక్కుండా దుబాయ్ వెళ్లిపోయారు. ఫోన్ బూత్ దగ్గర వరసలో నిలబడి వాళ్లావిడ ఒకసారి నన్నడిగింది, ఏడేళ్లు ఎలా గడిపారండీ అని. బస్సు వస్తోందని చెప్పి తప్పించుకున్నాను. బస్సేమీ రాలేదు.

నాకు మేస్త్రి గారి మీద కోపం కూడా ఉంది. ఉండకూడదు, ఉంది. ఎందుకు ఊరుకున్నారు? నా కాపురంలో నిప్పులు పోయకూడదనా? నేను అడిగానా? ఆ రోజు నా బండారం బయటపెట్టి ఉంటే మా ఆయన నాలుగు తిట్టేవారు, జనం పది రోజులు నవ్వుకునేవారు, నా పాపం అక్కడితో సరిపోయేది. ఆయన మంచితనం చూపించి ఈ బరువు నాకు వదిలేశారు. ఇలా అనుకోవడం ఎంత అన్యాయమో నాకు తెలుసు. తెలిసినా కోపం పోలేదు.

తిరిగొచ్చి దిండి వైపు ఉంటున్నారని విన్నాను. వెళ్లి కాళ్ల మీద పడతానని మీకు మాటివ్వను. వెళ్లకపోవచ్చు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, క్షమిస్తే తట్టుకునే ఓపికా లేదు. కానీ సంతలో అంతమంది ముందు అన్న అబద్ధాన్ని ఇక్కడ, మీ ముందు వెనక్కి తీసుకుంటున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

నాకు వైర్ల సంగతి తెలుసు. బాగా తెలుసు. నేర్పింది ఆయనే.