చచ్చేవాళ్ళకి చెల్లుతుందట

మా అత్తగారికి కడుపులో పుండు అని చెప్పాం. అది క్యాన్సరని, కాలేయానికి కూడా పాకిందని, ఇక చేయగలిగింది లేదని ఆస్పత్రిలో తేల్చిన రోజు మా ఆయన కారులోనే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "ఆ మాట అమ్మ చెవిన పడకూడదు." ఆవిడకి ఇంగ్లీషు రాదు. డాక్టర్ల మాట ఆవిడకి చేరాలంటే మా ఇద్దరి నోటి మీదుగానే చేరాలి. దాచడం ఏమీ కష్టం కాలేదు.

అత్తగారు మెత్తని మనిషి కాదు. కివీల దేశానికి, ఈ మనురేవాకి వచ్చాక నా వంటని ఒక్కపూట మెచ్చుకున్న పాపాన పోలేదు. అలాంటి మనిషి నొప్పి ముదిరాక దిండు కొరుకుతూ, "అమ్మాయ్, నన్నేదో ఒకటి చేసెయ్యవే" అని నన్నే బతిమాలింది. మార్ఫిన్ ఇస్తే వాంతులు. ఎన్ని మందులు మార్చినా అంతే.

గంజాయి మాట ఎత్తింది ఆవిడే. "మా వైపు నొప్పులకి ఆకు నూరి బెల్లంలో పెట్టి మింగించేవోళ్ళు. ఇక్కడ దొరకదేంటే?"

పక్కింటి కివీ ముసలామె తన వెన్నునొప్పి కోసం షెడ్డు వెనక కొన్ని గంజాయి మొక్కలు పెంచుకునేది. అడిగితే, ఆకు వెన్నలో మరగబెట్టి చిన్న సీసాలో పోసి ఇచ్చింది. ఆ రోజు అత్తగారు నిద్రపోయింది. లేచి చారన్నం అడిగింది. వంకలేమీ పెట్టకుండా తిన్నది.

మా ఆయన సెక్యూరిటీ గార్డు. సంగతి తెలిసి సీసా సింకులో ఒంపేశాడు. "పోలీసులొస్తే నా గార్డు లైసెన్స్ పోద్ది. బుద్ధుందా నీకు?"

ఇంటికి వచ్చే నర్సుని చట్టం ఏమిటని అడిగాను. ఆమె ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళ మనవరాలు. నాయనమ్మ నోట విన్న తెలుగు ముక్కలు నాలుగైదు తప్ప ఏమీ రావు. ఇంగ్లీషులో ఓపికగా చెప్పింది. "ఇక్కడ పేషెంట్లకి కార్డులు లేవు, పేరు నమోదు చేయించుకోవడాలూ లేవు. డాక్టరు రాసిస్తే ఫార్మసీలో కొనుక్కోవచ్చు, కాకపోతే ఖరీదు. ఇంట్లో చేసుకున్నది నేరమే. కానీ, ఇవి ఆఖరి రోజులని డాక్టరు తేల్చినవాళ్ళు దగ్గర పెట్టుకున్నా, వాడినా చట్టం కాపాడుతుంది. వాళ్ళని మాత్రమే. ఇచ్చినవాళ్ళని కాదు."

"ఏవంటోందే?" అంది అత్తగారు.

"బాగా నీరసంగా ఉన్నవాళ్ళు వాడుకోవచ్చంట, అత్తయ్యా."

నర్సు నిబ్బరంగా ఉన్న ఆవిడ ముఖం, తరవాత నా ముఖం చూసింది. "నువ్వు చెప్పలేదు కదూ?" అని ఇంగ్లీషులో అడిగి, నన్ను దాటి వెళ్ళి మంచం మీద కూర్చుంది. అత్తగారి చేయి తన చేతుల్లోకి తీసుకుని, చాలా మెల్లగా, ప్రేమగా అంది:

"ఆంటీ, నువ్వు చావు. గంజా ఓకే."

పోవడం, కన్నుమూయడం లాంటి మాటలు ఆమె నాయనమ్మ నేర్పలేదు కాబోలు.

అత్తగారు నావైపు తిరిగింది. "నన్ను తిడతందా?"

"లేదత్తయ్యా."

నేను ఇంకేమైనా అంటానేమోనని చూసింది. నేను ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

"అయితే నిజవే అన్నమాట" అని చేయి వెనక్కి తీసుకుంది.

ఆ సాయంత్రం కొడుకు యూనిఫాం విప్పకముందే అడిగింది. "చచ్చేవాళ్ళకి చెల్లుద్దంట కదరా. ఆ ముక్క ముందే చెప్తే ఇన్నాళ్ళు గిలగిలా కొట్టుకునేదాన్నా?"

అతను వంటింట్లోకి వచ్చి నన్ను కొట్టాడు.

మర్నాడు అత్తగారు గోడ పట్టుకుని తనే పక్కింటి కంచె దాకా వెళ్ళింది. భాష లేకపోయినా ఆ ఇద్దరికీ కుదిరింది. కొత్త సీసాతో తిరిగొచ్చింది. ఆ సీసాతో గడిచిన పది రోజులూ నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది ఆవిడకి.

తరవాత పోలీసులు పక్కింటికి వచ్చారు. మొక్కలన్నీ వేళ్ళతో పీకి సంచుల్లో వేసుకున్నారు. ఆ ముసలామె ఒంగిన నడుంతో మెట్ల మీద నిలబడి చూస్తోంది. ఒక పోలీసు మా ఇంట్లోకి కూడా వచ్చి, అత్తగారినీ ఒళ్ళో ఉన్న సీసానీ చూసి, అంతా ముందే తెలిసినవాడిలా మర్యాదగా తల ఊపి వెళ్ళిపోయాడు.

పోలీసులకి ఫోన్ చేసింది ఎవరో నాకు అప్పుడే అర్థమైంది. "మీరేనా?" అన్నాను.

"అమ్మకి చట్టం ఉంది. ఆ ముసల్దానికి లేదు" అన్నాడు మా ఆయన. "రేపు ఎవరైనా అడిగితే నా పేరు రాకూడదు కదా."

సీసా అయిపోయింది. అత్తగారు మళ్ళీ మార్ఫిన్‌కీ వాంతులకీ వచ్చింది. కొడుకుతో మాట్లాడటం మానేసింది. చివరి రోజు అతను తులసి నీళ్ళు పట్టబోతే పళ్ళు బిగబట్టి ముఖం తిప్పుకుంది. నీళ్ళు చెంప మీదుగా దిండులోకి పోయాయి.

ఆవిడ పోయిన పదోరోజున బోటనీ పేట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మనవాళ్ళు వచ్చారు. ఒక ఆంటీ మా ఆయన భుజం తట్టి, "ఆఖరిదాకా తల్లికి ఆ మాట తెలియనివ్వలేదంట. ఇలాంటి కొడుకుని కనాలి" అంది.

అతను తల వంచుకుని దండం పెట్టాడు. నేను ఆమెకి కాఫీ ఇచ్చాను.