కొన పక్కకు తిరిగిన నత్త

మా అత్త, అంటే నాన్నకు అక్క, సముద్రజీవుల పరిశోధన కేంద్రంలో ఇసుక ఏరే గదిలో పందొమ్మిదేళ్లు పనిచేసింది. అక్కడ అందరూ ఆమెను భూతద్దం అనేవాళ్ళు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి మొదట ఆ గది ఊడవడానికి చేరింది. చెత్తలో పోయిన నత్తగుల్లలను ఏరి తిరిగి బల్ల మీద పెడుతుంటే చూసి, ఏరే పనికే పెట్టుకున్నారు. నా చదువు ఆగిపోయాక నన్నూ ఆమే తీసుకెళ్ళింది.

సముద్రం అడుగు ఇసుక బకెట్లలో వస్తుంది. దాన్ని జల్లెడలో వేసి, నీళ్ళు పోస్తూ అరచేత్తో రుద్దాలి. ఆరాక నల్ల పళ్ళెంలో పరిచి, తడి కుంచె మొనతో నత్తగుల్లలను ఒక్కొక్కటే ఎత్తి గాజు గొట్టాల్లో వేయాలి.

వాటిలో నువ్వుగింజంత తెల్ల నత్త ఒకటుంది. మేకులా సన్నగా, ఒళ్ళంతా నిలువు గీతలతో ఉంటుంది. నత్తలను గుర్తుపట్టే పుస్తకంలో అది ఒకటే జాతి. అత్త లెక్కలో రెండు.

"దీని నోట్లో చూడవే, పన్ను మొలిచినట్టు మడత ఉంది. కొన పక్కకు పడుకుంది. పసితనంలో ఒకవైపు చుట్టుకుని, ఆ తర్వాత రెండోవైపు తిరిగింది. ఇదిగో, ఈ రెండోదానికి మడతా లేదు, కొన కూడా తిన్నగా ఉంది" అని నాకు చూపించింది.

ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడకపోవడానికి కారణం మా అరచేతులే. రుద్దేసరికి కొనలు విరిగిపోయేవి. అత్త రుద్దడం మానేసి, బేసిన్ నీళ్ళలో జల్లెడను మెల్లగా ఊపడం మొదలుపెట్టింది. పని మూడింతలు ఆలస్యమైంది. గది చూసుకునే సారు వచ్చాడు.

"శుక్రవారం నత్త జాతుల జాబితా అచ్చుకు వెళ్తోంది. ఆ రెండు గొట్టాలూ ఒకదాంట్లో పోసేయండి."

"పొయ్యను సార్."

"మీరెంతవరకు చదివారు?"

"తొమ్మిది సగం. నత్తలెప్పుడూ అడగలేదు."

గొట్టాలకు చీటీలు రాసే ఆయన నవ్వును దగ్గులో కలిపేశాడు.

"కొన వంకరగా ఉన్నవి దెబ్బతిన్నవమ్మా. పుస్తకంలో బొమ్మ చూడండి" అన్నాడు సారు.

"ఆ బొమ్మకు కొనే లేదు సార్, ఎవరో రుద్ది ఇచ్చారు. దెబ్బయితే అన్నిటికీ ఒకే పక్క తగులుతుందా?"

"శుక్రవారంలోగా కలపకపోతే సీసాలు కడిగే గదికి వెళ్తారు."

"అక్కడ సబ్బుందో లేదో కనుక్కుంటాను."

ఇంట్లో నాన్న తల పట్టుకున్నాడు. "కలిపేస్తే నీదేం పోతుందక్కా?"

"ఇది అది కాదురా అని చెప్పడమే నా పని. అది వదిలేస్తే మళ్ళీ చీపురు పట్టుకోవాలి."

గురువారం కడగని ఇసుక బకెట్ తెచ్చి సారు ముందే పెట్టింది. రుద్దకుండా కడిగి, మడత ఉన్నవి నలభై, లేనివి నలభై ఏరి రెండు వరుసలుగా పేర్చింది. మొదటి వరుసలో కొనలన్నీ పక్కకు, రెండో వరుసలో అన్నీ తిన్నగా. సారు అరగంట అద్దంలోంచి కన్ను తీయలేదు.

"చూశాను. కానీ జాబితా అయిపోయింది" అన్నాడు లేస్తూ.

మర్నాడు అత్తను సీసాల గదికి పంపి, ఆ గొట్టాలు నా ముందు పెట్టాడు. "నువ్వు కలుపు."

అంతకుముందు నేను ఆయన ముఖం వంక చూసి మాట్లాడింది లేదు.

"అత్త కలపలేదు కదా సార్."

"నిన్నడుగుతున్నాను."

"నేనూ చూశాను సార్."

ఆయన గొట్టాలు తీసుకుని వెళ్ళిపోయాడు. జాబితాలో ఒకే పేరు వచ్చింది. గొట్టాలు మాత్రం బీరువాలో విడివిడిగానే ఉన్నాయి.

ఇప్పటికి ఏడు నెలలు. సారు రోజూ సీసాల గది ముందునుంచే లోపలికి వెళ్ళాలి. ఆయన చెప్పుల చప్పుడు వినగానే అత్త తలుపు తీసి, నమస్కారం పెట్టినంత మామూలుగా "రెండు సార్" అంటుంది. ఆయన తల దించుకుని వెళ్ళిపోతాడు.

మొన్న ఆగాడు.

"తెలుసమ్మా" అన్నాడు.

"తెలిస్తే రాయండి" అంది అత్త, చేతిలో సీసా కడుగుతూనే.