మనిషే కనిపిస్తలేడు

ఆబిడ్స్‌లో నేను వాడే ఎమ్మారై మెషిన్ ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లది. వారమంతా అందులో జనం నడుములకూ మోకాళ్లకూ స్కాన్లు తీస్తారు. ఆదివారం మధ్యాహ్నం రోగులు తగ్గాక మా పరిశోధనకు ఇస్తారు. సెల్లార్‌లో ఉంటుంది. మెట్లు దిగుతుంటేనే స్పిరిట్ వాసన, ఏసీ చలి. ఎండాకాలం కూడా బ్యాగులో శాలువా పెట్టుకుని వెళ్తాను.

నా పని చెప్పడానికి తేలిక. మనుషులను ఆ గొట్టంలో పడుకోబెట్టి, కళ్లకెదురుగా చిన్న అద్దంలో బొమ్మలు చూపిస్తాను. మొహాలు, ఇళ్లు, కుర్చీలు, మళ్లీ మొహాలు. మొహం చూసినప్పుడు మెదడులో ఏ చోటికి రక్తం ఎక్కువ పోతోందో మెషిన్ పట్టుకుంటుంది. ఆ లెక్కలను వారాల తరబడి వడబోస్తే చివరికి మెదడు అడుగుభాగాన, చెవి వెనక వైపుగా, ఒక రంగు మచ్చ తేలుతుంది. నా ఉద్యోగమంతా ఆ మచ్చ చుట్టూ తిరగడంతోనే గడిచింది. మొదట్లో అది తేలినప్పుడల్లా అన్నం మానేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు తేలకపోతే కాస్త చిరాకు, తేలితే హమ్మయ్య, అంతే. పెళ్లికి వెళ్లినా పేరంటానికి వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతారు, "మనసుల ఏమున్నదో దాంట్ల తెలుస్తదా మేడం?" అని. తెలియదని చెప్పీ చెప్పీ నోరు అలిసిపోయింది.

ఆయనను నాంపల్లిలోని ఒక న్యూరాలజిస్టు పంపించాడు. ఆబిడ్స్‌లోనే తాతల కాలం నాటి కళ్లజోళ్ల దుకాణం వాళ్లది. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో లెన్సులు తుడిచే మెత్తటి గుడ్డ. మొదటిసారి నన్ను కలవడానికి వారం మధ్యలో వచ్చాడు, వెంట భార్య. ఆమె నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో క్లర్కు, ఇంకా సర్వీసు మిగిలి ఉంది. సగం రోజు సెలవు పెట్టి వచ్చానని కూర్చోకముందే చెప్పింది.

ఆయనకు చిన్న పక్షవాతం వచ్చి తగ్గింది. చెయ్యి పనిచేస్తోంది, మాట తడబడటం లేదు, పేపర్ చదువుతాడు. మొహాలు మాత్రం పోయాయి. మొదట్లో ఆయనకే అర్థం కాలేదట. కళ్లజోళ్లు చేసేవాడు గనక నంబర్ మారిందనుకున్నాడు. తన కళ్లు తానే పరీక్ష చేసుకుని ఒకదాని తర్వాత ఒకటి కొత్త జోళ్లు చేసుకున్నాడు. బోర్డు మీద ఆఖరి వరస అక్షరాలు కూడా గడగడా చదివేవాడు. తలెత్తి చూస్తే ఎదురుగా ఉన్నది సొంత తమ్ముడో, దారిన పోయే దానయ్యో తెలిసేది కాదు.

నేనొక ఫొటో చూపించి ఏం కనిపిస్తోందని అడిగాను.

"ముక్కున్నది. కండ్లున్నయ్, ఎడమ కన్ను జర చిన్నగున్నది. మీసమున్నది. అన్నీ కనిపిస్తున్నయ్ మేడం," అన్నాడు. ఫొటోను ఇంకాస్త దగ్గరికి పట్టుకుని, "మనిషే కనిపిస్తలేడు," అన్నాడు.

అది ఆయన తమ్ముడి ఫొటో.

ఇలాంటి మనుషుల గురించి చదువుకున్నాను, పాఠాలు చెప్పాను. ఎదురుగా కూర్చోబెట్టుకోవడం అదే మొదలు. చాలా ఆదివారాలు వాళ్లిద్దరూ వచ్చారు. మెషిన్ గదిలోకి లోహం పనికిరాదు గనక కళ్లజోడు తీయించి, సెంటర్ వాళ్ల ప్లాస్టిక్ జోడు ఇచ్చేవాళ్లం. దాన్ని వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "గీ లెన్స్ ఎవడు కోసిండు?" అని ఆయన ప్రతిసారీ విసుక్కునేవాడు. లోపల ఆయన పడుకుని ఉన్నంతసేపూ ఆమె బయట బల్ల మీద కూర్చుని కునికిపాట్లు పడేది. పొద్దున వంట, ఆఫీసు, సాయంత్రం దుకాణానికి పోయి తాళాలు చూసుకోవడం. మనిషి ఎంత అలిసిపోయిందో ఆమె చెప్పులు విప్పే తీరులోనే తెలిసేది.

ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నారో ఆమే చెప్పింది. గదిలోకి వెళ్లేముందు "ఇగో... నేనే" అనాలి. గొంతు వినబడగానే ఆయన మొహం తేటపడుతుంది. అనకుండా వెళ్తే, అద్దె ఇంటికోసం వచ్చిన మనిషిని చూసినట్టు మర్యాదగా చూస్తాడు.

"కొట్టినా తిట్టినా మంచిగుంటుండె మేడం," అంది ఆమె. "గా మర్యాదనే నాకు పడ్తలేదు."

ఒక ఆదివారం పని త్వరగా అయిపోయింది. ముగ్గురం నడుచుకుంటూ మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లాం. బత్తాయిలు కొనాలంది ఆమె. జనం కిటకిటలాడుతున్నారు. "గీడనే నిలబడు, కదలకు," అని ఆయనకు చెప్పి ఆమె బండి దగ్గరికి వెళ్లింది. నేను పక్కనే ఉన్నాను, ఫోన్ మోగితే కాస్త ఇటు తిరిగాను. అంతలోనే గొడవ.

ఆయన భార్య కట్టుకున్నటువంటి ఆకుపచ్చ చీరలోనే మరొకామె పండ్ల సంచితో ఆ దారిన వచ్చింది. భార్యే అనుకుని ఆయన చెయ్యి చాచి సంచీ అందుకున్నాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు, బజారులో సంచీ మోసేది ఆయనే. ఆ వచ్చినామె "దొంగ, దొంగ" అని కేక పెట్టింది. ఎవరో కాలర్ పట్టుకున్నారు, ఎవరో చెంప మీద కొట్టారు. కళ్లజోడు కింద పడింది.

"ఆయనకు జబ్బు చేసింది, మొహాలు గుర్తుపట్టలేడు," అని అరిచాను. ఇన్నేళ్లుగా పెద్ద పెద్ద సభల్లో నేను చెబుతున్న విషయమే అది. అక్కడ ఒక్కరూ వినలేదు. "క్యా నాటక్ హై యే?" అన్నాడు కాలర్ పట్టుకున్నవాడు.

భార్య జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. రొప్పుతోంది, మాట రావడం లేదు. వచ్చీ రాగానే ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి విదిలించుకుని వెనక్కి జరిగాడు. కొట్టడానికి వచ్చిన ఇంకో మనిషి అనుకున్నాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనే," అంది ఆమె చివరికి. "ఇగో, నేనే."

చేతులు దించాడు. ఆ సంచీ ఎవరిదో ఆమెకు క్షమాపణలు చెప్పి, కళ్లజోడు వెతికి తీసి, ముగ్గురం ఆటోలో నాంపల్లిలోని వాళ్లింటికి వచ్చాం.  ఆయన చెంప ఎర్రగా కమిలిపోయి ఉంది. కానీ నా కంటికి కనిపిస్తున్నది ఆమె మొహమే. దెబ్బ అక్కడ తగిలింది.

తర్వాతి వారం ఆమె ఒక్కతే మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లు ఇచ్చేలోపే మొదలుపెట్టింది.

"మేడం, నోటితోని గుర్తువట్టకున్నా లోపల గుర్తువట్టేటోళ్లు ఉంటరని మీరే అన్నరు గద?"

అన్నాను. అలాంటివాళ్లు కొందరుంటారు. మొహం ఎవరిదో చెప్పలేరు, కానీ తెలిసిన మొహం చూస్తే వాళ్లకే తెలియకుండా అరచేతులకు సన్నగా చెమట పడుతుంది, మెదడు వేరేగా స్పందిస్తుంది.

"అయితే నా ఫొటో పెట్టి చూడున్రి. ఆయన లోపల నేనున్ననా లేదా, అది చెప్పున్రి."

ఒక్క మనిషి మీద చేసే పరీక్షతో గట్టిగా చెప్పడం కష్టమని నచ్చజెప్పాను. వినలేదు. ఆయనను అడిగాను. "చూడున్రి మేడం. నాకూ తెల్సుకోవాలని ఉన్నది," అన్నాడు.

పెళ్లి ఫొటో పనికిరాదు, ఇప్పటి మొహం కావాలి. ఆఫీసు గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫొటోను ఆమె ఇచ్చింది. అదే వయసు ఆడవాళ్ల ఫొటోల మధ్య దాన్ని కలిపాను. తెలిసిన మొహమైతే కుడిచేతి బటన్, తెలియకపోతే ఎడమ. ఆమె మొహం వచ్చిన ప్రతిసారీ ఆయన ఎడమ బటనే నొక్కాడు. గాజు గోడకు ఇవతల నా పక్కనే నిలబడి, ఆయన నొక్కే బటన్‌ను చూపించే తెరకేసి ఆమె చూస్తూనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

లెక్కలు తేల్చడానికి చాలా రోజులు పట్టింది. ఆయన లోపల తల కదిలించడంతో సగం లెక్కలు పాడైపోయాయి. మిగిలినవాటిలో ఆమె మొహానికీ పరాయి మొహాలకూ తేడా ఏమీ కనిపించలేదు. ఎంత తేడా ఉంటే రంగు వేయాలో నిర్ణయించే గీత ఒకటి ఉంటుంది. ఆ గీతను కిందికి దించితే చిన్న ఎర్రటి చుక్క వచ్చింది. ఇంకా దించితే ఇంకా పెద్దదైంది. గీత దించుకుంటూ పోతే ఖాళీ గొట్టంలోనైనా ఏదో ఒక రంగు చూపించవచ్చని నాకు తెలుసు. ఆ చుక్కను ఒక కాగితం మీద అచ్చువేసి ఆమె చేతిలో పెడితే చాలు, దేవుడి పటం పక్కన పెట్టుకునేది. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాట చాలాసేపు ఆలోచించాను. తర్వాత ఆ చుక్కను మూసేశాను.

వాళ్లింటికి వెళ్లి ఇద్దరి ముందే చెప్పాను. "ఏమీ కనిపించలేదక్కా. కనిపించలేదంటే లేదని కాదు, మెషిన్‌కు అందలేదని కూడా కావచ్చు."

"గట్ల రెండు దిక్కుల మాట్లాడకున్రి మేడం."

"నాకు తెలియదు," అన్నాను. ఇన్నేళ్ల చదువులో అంత పొట్టి జవాబు నేనెవరికీ ఇవ్వలేదు.

ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది. ఆయన వైపు తిరగకుండానే అంది, "నేను గూడ మీ లెక్కనే పరీక్షలు పెట్టిన మేడం. రోజూ పొద్దుగాల చాయ్ వట్టుకొచ్చి సప్పుడు చేయకుండ ముందల నిలబడేదాన్ని. ఇయ్యాలన్న గుర్తువడ్తడేమో అని."

"నాకు తెల్సు," అన్నాడు ఆయన.

ఆమె గిరుక్కున తిరిగింది. "ఏంది తెల్సు?"

"సప్పుడు చేయకుండ నిలబడేది నువ్వేనని. ఇంట్ల చాయ్ తెచ్చేది ఇంకెవరున్నరు?"

"మరి పలుకలే ఎందుకు? ఒక్కసారన్న పేరువెట్టి పిలిస్తే ఏం పోయేది?"

"నువ్వడిగేది గది కాదు గద," అన్నాడు మెల్లగా. "మొహం జూసి పిలవాలె నీకు. చాయ్ కప్పు జూసి పిలిచి, మొహం జూసి పిలిచిననని అబద్ధం ఎట్ల ఆడాలె నీతోని?"

ఆమె ఏడ్చింది.  కాసేపటికి లేచి లోపలికి వెళ్లింది. వంటింట్లోంచే గట్టిగా అడిగింది, "ఇగో, మేడంకు చక్కెర ఎంత?" ఆయన నన్ను అడిగి చెప్పాడు.

ఆ తర్వాత ఆమె ముందుగానే రిటైర్మెంట్ తీసుకుంది. దుకాణంలో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లను పేరు పెట్టి గట్టిగా పలకరిస్తుంది. లోపల లెన్సులు అరగదీస్తూ ఆయన విని, ఫలానావాళ్లు వచ్చారని తెలుసుకుంటాడు. కొందరు పాత గిరాకీలు పోయారు, కొందరు నిలిచారు. నా పరిశోధన వ్యాసంలో ఆయన లేడు. తల కదిలిన లెక్కలు పనికిరావని మేమే పక్కన పెట్టాం. కొత్త మనుషులు వస్తున్నారు, పడుకుంటున్నారు, మొహాలు చూస్తున్నారు. శాలువా మాత్రం చిరిగితే కొత్తది కొన్నాను.

ఈ మధ్య సుల్తాన్ బజార్‌లో ఇద్దరూ కలిశారు. కుక్కర్ రబ్బరు కోసం వచ్చారట. ఆమె మెడకు మఫ్లర్ చుట్టుకుని ఉంది. జలుబు చేసి గొంతు పూర్తిగా మూగబోయింది. నన్ను పక్కకు లాగి చెవిలో గుసగుసగా అంది, "నాలుగు రోజుల సంది గొంతు లేదు మేడం. ఇంట్ల నన్ను జూసి ఒకటే బెదురుతున్నడు. రేపు ముసలితనంల నిజంగనే గొంతు వోతే ఎట్ల?"

 జవాబుకోసం ఆమె ఆగలేదు. ఆయన మోచెయ్యి మీద రెండుసార్లు తట్టింది. అదేదో కొత్తగా పెట్టుకున్న గుర్తులా ఉంది. ఆయన ఒక క్షణం తటపటాయించి, ఆమె చేతిలోని సంచీ తీసుకున్నాడు. ఇద్దరూ గిన్నెల దుకాణం వైపు వెళ్లారు.