సాయిబు బావి చుట్టూ యెరికో

కృష్ణ మీద ఆనకట్ట కట్టాక మా ఊరు నీళ్ల కింద పడింది. ఎనభైల మొదట్లో మమ్మల్ని లారీల్లో తెచ్చి, కొత్తకోట అవతల ఒక రాళ్ల మెట్ట మీద దించారు. దర్వాజాలు, దూలాలు, మేకలు, మా అవ్వ, అన్నీ ఒకే లారీలో వచ్చాయి. అవ్వ దారి పొడుగునా ఇంజనీర్లను తిడుతూనే ఉంది. దిగాక కాసిన్ని నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది.

మా పాస్టరుగారికి మాత్రం ఆ మెట్టను చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇది కనాను దేశమన్నారు. మేము ఇశ్రాయేలీయులమన్నారు. పాలు తేనెలు ప్రవహించే చోటికి దేవుడే చేయి పట్టుకుని తెచ్చాడన్నారు. పాలూ తేనెల సంగతి తర్వాత, ముందు నీళ్లెక్కడని మా అమ్మ అడిగింది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. జవాబు తెలియనప్పుడల్లా ఆయన చేసే పని అదే.

పాత ఊళ్లో ఏరు ఉండేది. ఏటికి అంటు లేదు కనుక మా మాదిగవాడ ఆడవాళ్లు ఎంత కావాలంటే అంత ముంచుకునేవారు. వానాకాలం ఏరు బురదెక్కితే మాత్రం ఊరి బావి దగ్గరికి పోయి దూరంగా నిలబడాలి. ఎవరికైనా దయ కలిగితే పైనుంచి కుండలో పోసేవారు.

కొత్త చోట ఏరు లేదు. దూరాన ఉన్న కుంట నీళ్లే గతి. అవి తాగి మా చంటి తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గేవి, మళ్లీ వచ్చేవి. దవాఖానలో డాక్టరు మంచినీళ్లు తాగించమని చెప్పి పంపేశాడు. పిల్లాడు రోజురోజుకీ చిక్కి శల్యమవుతుంటే అమ్మ మొహం చూడటానికే నాకు భయమేసేది.

మంచినీళ్లు ఉన్నది ఒక్కచోటే. మెట్ట కింద ఒక ముసలి సాయిబు పల్లి చేను, చేను చుట్టూ రాతి గోడ, మధ్యలో బావి. పాస్టరుగారికి గోడ కనపడగానే, బైబిల్లో ఇశ్రాయేలీయుల కేకలకే గోడలు కూలిన యెరికో పట్టణం గుర్తొచ్చింది. వాళ్ల నాయకుడు యెహోషువ చేసినట్టు వారం రోజులు మౌనంగా గోడ చుట్టూ తిరిగి, చివర్లో కేకలేస్తే దేవుడు దారి ఇస్తాడన్నారు.

ఆ యెరికో గోడ లోపల ఉన్నవాళ్లు ఏమయ్యారని అవ్వ అడిగింది. అందరూ నాశనమయ్యారని ఆయన సంతోషంగా చెప్పారు.

"మన ఊరు ముంచినోళ్లు గూడ గిట్లనే ప్రార్థన చేస్కొని వచ్చిన్రేమో అయ్యగారు," అంది అవ్వ.

అయినా ఆమె కూడా తిరిగింది. మౌనం మా వాడకు బొత్తిగా చేతకాదు కనుక గుసగుసలతో తిరిగాం. సాయిబు గట్టు మీద బీడీ కాలుస్తూ మమ్మల్ని చూసేవాడు. ఏదో మొక్కు తీర్చుకుంటున్నారనుకుని ఒకరోజు లేచి సలాం చేశాడు. శత్రువు గుండె కరుగుతోందని పాస్టరుగారు మురిసిపోయారు.

చివరి రోజు డప్పులు తెచ్చాం. కేక అందరికీ వినపడాలని పాస్టరుగారు గోడ ఎక్కారు. అది మట్టీ సున్నం లేకుండా పేర్చిన గోడ, ఆయన భారీ మనిషి. హల్లెలూయా సగంలో ఉండగానే గోడా ఆయనా కలిసి పల్లి చేనులో పడ్డారు. ఆ సందులోంచి మా మేకలు కనాను దేశంలో ప్రవేశించి మేత మొదలుపెట్టాయి.

డప్పులు ఆగిపోయాయి. సాయిబు మా వైపే వస్తున్నాడు. ఇక నీళ్ల ఆశ కూడా పోయిందని అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. సాయిబు మొదట పాస్టరుగారిని లేపి దుమ్ము దులిపాడు. తర్వాత మేకలను తోలాడు. అప్పుడు, ఇన్ని రోజులుగా ఈ తిరుగుడు దేనికని అడిగాడు. నీళ్ల కోసమని అవ్వ చెప్పింది.

"నీళ్లకా? మరి అడుగలేదేంది?"

వారమంతా దేవుణ్ణి అడిగాం, గోడను అడిగాం. గోడ వెనకున్న మనిషిని అడగాలని ఒక్కరికీ తట్టలేదు. బావి దగ్గర అడిగితే ఏమంటారో మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు మరి. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

అమ్మ పరుగున పోయి కుండ తెచ్చింది. అవ్వ దాన్ని అందుకుని బావికి దూరంగా పెట్టి, తాను ఇంకా దూరం జరిగి నిలబడింది.

"జర పొయ్యండ్రి సాబ్," అంది.

"నేను పోసుడేంది? నువ్వే చేదుకో అవ్వా, తాడు గాడనే ఉన్నది," అని ఆయన పడిన గోడ రాళ్లు ఏరడానికి పోయాడు.

అవ్వ ఒక్కో అడుగే వేస్తూ బావి దగ్గరికి వచ్చింది. బొక్కెన బావిలోకి వదిలింది. అది నీళ్ల మీద తేలింది. ఎంత లాగినా ఖాళీగానే పైకి వచ్చింది. తల నెరిసిన మా అవ్వకు నీళ్లు చేదడం రాదు. అమ్మ తాడు అందుకుంది, ఆమెకూ రాదు. చివరికి సాయిబే రాళ్లు వదిలేసి వచ్చి, బొక్కెన మునగాలంటే తాడును ఎలా జాడించాలో మా అవ్వకు నేర్పాడు.